చెరువు మీద అలక

2010 నవంబర్‌లో ఒక సోమవారం పొద్దున మాంచెస్టర్‌లో మా ఆఫీసుకి వెళ్ళేసరికి నా కీబోర్డు మీద ఉడకబెట్టిన కోడిగుడ్డు ఒకటి ఉంది. స్కెచ్ పెన్నుతో దానికి ఒక సగం నీలం రంగు పూసి, రెండో సగం తెల్లగా వదిలేశారు. చుట్టూ ఉన్నవాళ్ళు మానిటర్ల వెనక తలలు దాచుకుని నవ్వుతున్నారు. సంగతి అర్థం కావడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. నీలం, తెలుపు బ్లాక్‌బర్న్ రోవర్స్ రంగులు. అంతకుముందు శుక్రవారం, నవంబర్ 19న, ఆ ఫుట్‌బాల్ క్లబ్బుని మన వెంకీస్ వాళ్ళు కొనేశారు.

"మన" అని ఊరికే అనలేదు. పూనా కంపెనీ అని అందరూ అనుకుంటారు కానీ వెంకటేశ్వర హ్యాచరీస్ 1971లో హైదరాబాద్‌లో పుట్టింది. దాన్ని పెట్టిన బండా వాసుదేవరావు గారు ఈ దేశపు కోళ్ళ పరిశ్రమకి పెద్దదిక్కు. పేపర్లలో రోజూ గుడ్ల ధర వేస్తారు చూడండి, ఆ ధర ప్రకటించే నెక్ సంస్థ కూడా 1982లో ఆయన చొరవతోనే ఏర్పడింది. ఆయన 1996లో పోయారు. క్లబ్బు కొన్నది ఆయన పిల్లలు. 2 కోట్ల 30 లక్షల పౌండ్లు ఇచ్చి, దాదాపు అంతే అప్పునీ నెత్తిన వేసుకున్నారు.

మా టీములో బ్లాక్‌బర్న్ కుర్రాడొకడు ఉండేవాడు. గుడ్డు వాడి పనే. "మీవాళ్ళు మంచివాళ్ళేనా?" అని అడిగాడు. ఎక్కడో లాంకషైర్‌లో ఒక మిల్లుల ఊరి జట్టుకి వెంకటేశ్వరస్వామి పేరున్న కంపెనీ యజమాని అయిందంటే నాకూ కొంచెం ఛాతీ పొంగింది. వ్యాపారం తెలిసినవాళ్ళు, నీకేం భయం లేదు అని హామీ ఇచ్చేశాను, ఏదో వాళ్ళింట్లో నేను భోజనం చేసి వచ్చినట్టు.

పక్క సీట్లో టెస్టింగ్ చేసే పెద్దాయన ఉండేవాడు. మాంచెస్టర్ యునైటెడ్ మనిషి. ఆయన మాత్రం నవ్వలేదు. "యజమాని మీద కోపం వస్తే ఏం చేయాలో మీరంతా ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. కోపం వచ్చాక మాట్లాడుకోలేరు" అన్నాడు ఆ కుర్రాడితో. ఆ మాట వెనక ఐదేళ్ళ కథ ఉంది. నేను ఈ దేశం వచ్చిందీ అదే సంవత్సరం కాబట్టి కొంత కళ్ళారా చూశాను, మిగతాది ఆయన దగ్గర విన్నాను, ఆ తర్వాత చదువుకున్నాను.

మాంచెస్టర్ యునైటెడ్ అప్పట్లో షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ. 1998లో రూపర్ట్ మర్డోక్ గారి బీస్కైబీ 62 కోట్ల 30 లక్షల పౌండ్లకి దాన్ని కొనబోతే అభిమానులు ఒక్కతాటి మీద నిలబడి పోరాడారు. గుత్తాధిపత్య కమిషన్ వద్దంది, 1999 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ బేరాన్ని ఆపేసింది. ఆ గెలుపు వాళ్ళకి గొప్ప ధైర్యాన్నిచ్చింది. చిన్న చిన్న షేర్లు కొని దాచుకుంటూ, ఇంకెవడొచ్చినా ఇలాగే తరిమేయొచ్చు అనుకున్నారు.

2005 మే 12న అమెరికాకి చెందిన మాల్కమ్ గ్లేజర్ ఇద్దరు ఐరిష్ కోటీశ్వరుల వాటా కొనేసి, ఒక్క రోజులో సగానికి పైగా కంపెనీని చేతిలోకి తీసుకున్నాడు. మొత్తం బేరం సుమారు 79 కోట్ల పౌండ్లు. అందులో సగానికి పైగా అప్పు. ఆ అప్పులో పెద్ద భాగాన్ని తెచ్చి క్లబ్బు నెత్తినే పెట్టారు. మన భాషలో చెప్పాలంటే, ఒకడు మీ ఇంటిని మీ ఇంటి మీదే అప్పు తీసుకుని కొన్నాడు, ఆ వాయిదాలు మీరే కట్టాలి! 1931 తర్వాత అప్పన్నది ఎరగని క్లబ్బుకి ఈ గతి పట్టింది. ఇది ఇక్కడి చట్టానికి విరుద్ధం కూడా కాదు. జూన్ 29న గ్లేజర్ కొడుకులు ముగ్గురు ఓల్డ్ ట్రాఫర్డ్ స్టేడియం చూసుకోవడానికి వస్తే జనం చుట్టుముట్టారు. రాత్రి పోలీసు వ్యానులో వాళ్ళని బయటికి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

అంతవరకూ అందరూ ఒకటే. తగాదా ఆ తర్వాత మొదలైంది. ఆగస్టులో కొత్త సీజన్. ఏడాదికి సరిపడా సీటు ముందే కొనుక్కునే సీజన్ టికెట్‌ని రెన్యూ చేయాలా, మానాలా?

మనకి ఒక సామెత ఉంది కదా, చెరువు మీద అలిగినవాడి సంగతి. మర్యాదస్తులు చదివే సంకలనం కాబట్టి రెండో సగం రాయను, మీకు తెలిసిందే. ఫుట్‌బాల్ అభిమాని పరిస్థితి సరిగ్గా అది. సబ్బు నచ్చకపోతే ఇంకో సబ్బు కొంటాం. తాత, తండ్రి, తను ఒకే స్టాండులో కూర్చున్నవాడు వచ్చే వారం నుంచి పక్క ఊరి జట్టుకి జై కొట్టలేడు. యజమానికి ఈ సంగతి బాగా తెలుసు. అభిమాని చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, రాకపోవడం. ఆ ఆయుధం యజమానికి తగిలే లోపల జట్టుకి తగులుతుంది, అంతకంటే ముందు తనకే తగులుతుంది. అందుకే ఈ విషయంలో ఎవరినీ పిరికివాడనో మూర్ఖుడనో అనడానికి నాకు నోరు రాదు.

మా పెద్దాయన ఆ ఏడాది టికెట్ వదిలేశాడు. ముప్ఫై ఏళ్ళ సీటు. పక్క సీటు తమ్ముడిది. తమ్ముడు రెన్యూ చేశాడు. "గ్లేజర్లు ఇవాళ ఉంటారు, రేపు పోతారు. నాన్న కూర్చున్న చోట ఎవడో టూరిస్టు కూర్చుంటే నేను చూడలేను" అన్నాడట. "నువ్వు కొన్న ప్రతి టికెట్టూ వాళ్ళ వడ్డీకి పోతుంది" అన్నాడట అన్న. రెండూ నిజమే, చిక్కంతా అక్కడే. ఆ క్రిస్మస్‌కి అన్నదమ్ములు ఒక బల్ల దగ్గర కూర్చోలేదు.

టికెట్ వదిలేసినవాళ్ళలో కొన్ని వేలమంది ఆ వేసవిలో ఇంకో పని చేశారు. సొంతంగా కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. పేరు ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది సులభంగా అర్థమవుతుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నడిపేవాళ్ళతో పడకపోతే కోడంతా కాపీ చేసుకుని వేరు కాపురం పెడతారు, దాన్ని ఫోర్క్ అంటాం. కోడ్‌ని కాపీ చేయొచ్చు, నూటపాతికేళ్ళ చరిత్రని చేయలేం. అయినా పెట్టారు. ఒక మనిషికి ఒక వోటు, చొక్కా మీద ఏ కంపెనీ పేరూ ఉండకూడదు, టికెట్ల ధర సభ్యులే నిర్ణయించాలి. పదో అంచెలో ఉన్న నార్త్ వెస్ట్ కౌంటీస్ లీగ్ రెండో డివిజన్‌లో చోటిచ్చారు. వంద మంది వస్తే పండగ అనుకునే ఆ లీగులో వీళ్ళ ఆటకి సగటున 3,000 మంది వచ్చారు. సొంత మైదానం లేదు, బరీ పట్టణంలో గిగ్ లేన్ అద్దెకి తీసుకున్నారు. 2006 ఏప్రిల్‌లో గ్రేట్ హార్వుడ్‌తో ఆడినరోజు 6,023 మంది వచ్చారు. వరసగా మూడేళ్ళు మూడు మెట్లెక్కారు.

నన్నూ ఒకసారి గిగ్ లేన్ తీసుకెళ్ళాడు పెద్దాయన. ఆట నాకు గుర్తు లేదు, నాసిగానే ఉందనుకుంటాను. పాటలు గుర్తున్నాయి. సగం పాటలు అక్కడలేని జట్టు గురించి, ఆ వారం మైళ్ళ దూరంలో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆడబోయే వాళ్ళ గురించి. పుట్టింటితో మాటల్లేని ఆడపిల్ల ఆ ఊరి కబుర్లు అడిగినట్టు ఉంది నాకు.

ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మిగిలినవాళ్ళు వీళ్ళని పారిపోయినవాళ్ళన్నారు. వీళ్ళు వాళ్ళని అమ్ముడుపోయినవాళ్ళన్నారు. గ్లేజర్ని ఇద్దరూ తిట్టారు గానీ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నంత ఇష్టంగా తిట్టినట్టు లేదు. కెన్ లోచ్ తీసిన 'లుకింగ్ ఫర్ ఎరిక్' సినిమాలో (2009) కూడా పబ్బులో ఈ తగాదా ఉంటుంది, చూడని వాళ్ళు చూడండి.

2010 జనవరిలో గ్లేజర్లు పాత అప్పు తీర్చడానికి 50 కోట్ల పౌండ్ల బాండ్లు అమ్మకానికి పెట్టారు. ఆ కాగితాలతో, క్లబ్బు మీద పెట్టిన మొత్తం అప్పు దాదాపు 71 కోట్ల 60 లక్షలని జనానికి తెలిసింది. అప్పుడు లోపల మిగిలినవాళ్ళు లేచారు. 1878లో రైల్వే కార్మికులు న్యూటన్ హీత్ పేరుతో ఈ జట్టు పెట్టినప్పటి ఆకుపచ్చ, బంగారు రంగుల స్కార్ఫులు మెడలో వేసుకుని స్టేడియానికి వచ్చారు. ఎర్ర జట్టు ఇంట్లో ఎటు చూసినా పచ్చదనమే. స్కార్ఫులు వీధిలో అమ్మేవాళ్ళ దగ్గర కొన్నారు, క్లబ్బు దుకాణానికి పైసా పోదు. మార్చి 10న మిలాన్ తరఫున ఆడటానికి వచ్చిన బెక్హాం ఆట అయ్యాక ఒక పచ్చ స్కార్ఫు తీసి మెడలో వేసుకున్నాడు. అభిమానుల ట్రస్టు సభ్యత్వం లక్ష దాటింది. రెడ్ నైట్స్ అని కొందరు డబ్బున్న అభిమానులు క్లబ్బు కొంటామని బయల్దేరి జూన్‌కల్లా విరమించుకున్నారు.

"స్కార్ఫు పది పౌండ్లు, టికెట్ నలభై పౌండ్లు. పది పౌండ్లతో నిరసన, నలభై పౌండ్లతో సమర్థన" అని మా పెద్దాయన లెక్క కట్టేవాడు. తమ్ముడికీ ఒక లెక్క ఉంది. "డెబ్భై అయిదువేల మంది ముందు, టీవీ కెమెరాల ముందు మేం అరిచాం. నువ్వు బరీలో అరిస్తే ఎవడు విన్నాడు?"

ఆకుపచ్చ స్కార్ఫుల వేడి తగ్గుతూండగానే ఆ గుడ్డు నా టేబుల్ మీదకి వచ్చింది. ఇప్పుడు పెద్దాయన మాట మీకు అర్థమై ఉంటుంది.

బ్లాక్‌బర్న్‌లో కోపం రావడానికి నెల కూడా పట్టలేదు. డిసెంబర్ 13న అనుభవం ఉన్న మేనేజర్ శామ్ అలర్డైస్‌ని తీసేసి, అంతకుముందు ఎక్కడా మేనేజర్‌గా చేయని స్టీవ్ కీన్‌ని కూర్చోబెట్టారు. రొనాల్డినోని తెస్తామన్నారు, రాలేదు. ఆటగాళ్ళ చేత చికెన్ తినిపించి వాణిజ్య ప్రకటన తీశారు. ఊరి జనానికి అది తలకొట్టేసినంత పనయింది. మనం నవ్వుకోవచ్చు గానీ, వాళ్ళవైపు నుంచి చూడండి. రోవర్స్ 1875లో పుట్టిన జట్టు, 1888లో మొదటి ఫుట్‌బాల్ లీగు పెట్టిన పన్నెండింటిలో ఒకటి. ఊళ్ళోవాడే అయిన ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ తన డబ్బు కుమ్మరించి 1995లో ప్రీమియర్ లీగు గెలిపించాడు. యజమాని అంటే ఆయనలా మనవాడై ఉండాలని అక్కడ రూఢి అయిపోయింది. ఆయన 2000లో పోయాడు. పదేళ్ళ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఊరికే కాదు, దేశానికే దూరం.

2011-12 సీజనంతా ఈవుడ్ పార్క్ రెండుగా చీలిపోయింది. ఒక వర్గం ఆట జరుగుతుండగానే కీన్ పోవాలని అరిచేది. ఆటకి ముందూ తర్వాతా అరుద్దాం, తొంభై నిమిషాలూ జట్టుని బలపరుద్దాం, లేకపోతే ఆటగాళ్ళే బెదిరిపోతారు అనేది ఇంకో వర్గం. స్టాండులో ముందు వరసవాడు వెనక వరసవాణ్ణి నోరుముయ్యమనడం నేనొకసారి అక్కడ కూర్చుని విన్నాను. ఇంటి యజమాని సంగతి మరిచి అద్దెకున్నవాళ్ళు తన్నుకున్నట్టుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. కొన్ని కేకలు యజమానుల్ని దాటి "ఇండియన్స్" దాకా వచ్చేవి. బ్లాక్‌బర్న్ జనాభాలో మన ఉపఖండం నుంచి వచ్చినవాళ్ళు తక్కువేం కాదు. ఆ కేక వచ్చినప్పుడల్లా పక్కనున్నవాళ్ళెవరో ఒకరు గసిరేవాళ్ళు, నిజమే. కానీ అప్పటికే నా చెవులు వేడెక్కేవి. నవంబర్‌లో ఛాతీ పొంగించుకున్నవాడికి ఆ మాత్రం తప్పదేమో.

2012 మే 7న వీగన్ చేతిలో 0-1 తేడాతో ఓడి, రోవర్స్ పై లీగు నుంచి కిందికి దిగిపోయింది. ఆ రాత్రి ఎవరో ఒక బతికున్న కోడికి రోవర్స్ జెండా కప్పి మైదానంలోకి వదిలారు. పాపం ఆ కోడి అటూ ఇటూ బిక్కచూపులు చూస్తూ నడవటం నేను టీవీలో చూశాను. మర్నాడు మా కుర్రాడు ఆఫీసుకి రాలేదు. వచ్చాక నాతో ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

కీన్ సెప్టెంబర్‌లో రాజీనామా చేశాడు. తర్వాత వచ్చిన హెన్నింగ్ బెర్గ్ 57 రోజులు, మైకేల్ యాపిల్టన్ 67 రోజులు ఉన్నారు. మా దగ్గర ప్రాజెక్టు మేనేజర్లని కూడా అంత వేగంగా మార్చరు. అభిమానులు కొన్నాళ్ళకి క్లబ్బు పుట్టిన సంవత్సరాన్నే నిరసనగా మార్చారు. 18వ నిమిషంలో లోపలికి వెళ్ళడం, 75వ నిమిషంలో బయటికి రావడం. టికెట్ కొన్నాక ఎప్పుడొస్తే యజమానికేం అన్నవాళ్ళున్నారు. కొనకుండా ఇంట్లో కూర్చున్నవాళ్ళున్నారు. 2010-11లో సగటున 25,000 దాకా ఉన్న హాజరు 2016-17కి దాదాపు సగమైంది. ఆ మే నెలలో రోవర్స్ మూడో అంచెకి పడిపోయింది. ప్రీమియర్ లీగు గెలిచిన జట్టు అంత కిందికి దిగడం అదే మొదలు.

ఆ సంవత్సరమే, 2017 జనవరిలో, ఎఫ్‌ఏ కప్ ఆటకి బ్లాక్‌పూల్ జట్టు ఈవుడ్ పార్క్ వచ్చింది. అక్కడివాళ్ళూ యజమాని బాధితులే కావడంతో రెండు ఊళ్ళ అభిమానులూ కలిసి నిరసన తెలిపారు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోకూడదంటారు. ఆ నిప్పు నిజంగా పెట్టి చూసినవాళ్ళు బ్లాక్‌పూల్ వాళ్ళే. 2010లో ఆ సముద్రతీరపు చిన్న జట్టు ఒక్క ఏడాదికి ప్రీమియర్ లీగు చేరింది. వచ్చిన డబ్బులో 1 కోటి 10 లక్షల పౌండ్లు యజమాని ఓవెన్ ఓయ్‌స్టన్ కంపెనీకే పోయాయి. జట్టు దిగజారింది. విమర్శించిన అభిమానుల మీద యజమానులు పరువునష్టం దావాలు వేశారు. 2015 మేలో హడర్స్‌ఫీల్డ్‌తో ఆట మధ్యలో జనం మైదానంలోకి దిగి కూర్చుంటే ఆట రద్దయింది. ఆ తర్వాత నినాదం ఒకటే: ఇంకొక్క పెన్నీ ఇవ్వం. 2017లో జట్టు వెంబ్లీలో ఫైనల్ ఆడితే, ఏ ఊరికైనా జీవితంలో ఒకటి రెండుసార్లు దొరికే ఆ రోజు, చాలామంది ఇళ్ళల్లోనే ఉండిపోయారు. వెళ్ళినవాళ్ళని సమ్మె చెడగొట్టే కూలీలకి వాడే మాటతో తిట్టారు. పాత స్నేహాలు పోయాయి.

2017 నవంబర్‌లో హైకోర్టు ఓయ్‌స్టన్లు సహ వాటాదారుకి 3 కోట్ల 12 లక్షల పౌండ్ల పైచిలుకు చెల్లించాలంది. అది కట్టలేక 2019 ఫిబ్రవరిలో క్లబ్బు రిసీవర్ చేతికి పోయింది. మార్చి 9న బహిష్కరించినవాళ్ళంతా తిరిగొచ్చారు, 15,871 మంది. అంతమంది ఏడ్వడం ఫుట్‌బాల్ మైదానంలో తక్కువ చూస్తాం. గెలిచింది బహిష్కరణా, కోర్టు కేసా అని అక్కడివాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. నా మటుకు నాకు కేసు లేకపోతే ఆ ఖాళీ కుర్చీలు ఇంకో పదేళ్ళు ఖాళీగానే ఉండేవేమో అనిపిస్తుంది. కానీ కుర్చీలు నిండి ఉంటే ఆ కేసు సంగతి పట్టించుకునేవాడెవడు?

బ్లాక్‌బర్న్‌కి అలాంటి రోజు రాలేదు. 2018లో జట్టు ఒక మెట్టు పైకెక్కింది, వెంకీస్ ఏటా నష్టాలు భరిస్తూ డబ్బు పంపుతూ వచ్చింది, అరుపులు తగ్గాయి. 2023లో ఆ డబ్బు ఇండియా దాటడానికి ఢిల్లీ హైకోర్టు అనుమతి కావలసి వచ్చింది. "పొమ్మని అరిచినవాళ్ళం ఇప్పుడు మనియార్డరు కోసం చూస్తున్నాం" అని మా కుర్రాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, నాకు మెసేజ్ పెట్టాడు.

వేరు కాపురం పెట్టినవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఎఫ్‌సీ యునైటెడ్ 60 లక్షల పౌండ్లకు పైగా ఖర్చుతో 2015లో మోస్టన్‌లో సొంత మైదానం కట్టుకుంది. అందులో దాదాపు 20 లక్షలు అభిమానులు షేర్లుగా పెట్టినవే. మరుసటి ఏడాదే సభ్యులు సొంత పాలకవర్గం మీద తిరగబడ్డారు, జనరల్ మేనేజర్ తప్పుకున్నాడు. యజమాని లేని ఇంట్లో కూడా తగాదాకి కొరత లేదు. "మాది మేమే పాడుచేసుకుంటున్నాం, అది వేరు" అన్నాడు పెద్దాయన.

2021 ఏప్రిల్ 18న పన్నెండు పెద్ద క్లబ్బులు కలిసి ఎవరూ కిందికి దిగని సూపర్ లీగు పెట్టుకుంటామన్నాయి. రెండు రోజుల్లో ఇంగ్లీషు క్లబ్బులన్నీ వెనక్కి తగ్గాయి గానీ కోపం చల్లారలేదు. మే 2, ఆదివారం, లివర్‌పూల్‌తో ఆట. కోవిడ్ రోజులు కాబట్టి స్టాండ్లు ఖాళీ, ఎవరికీ టికెట్ లేదు. పదహారేళ్ళుగా అభిమానుల్ని చీల్చిన ప్రశ్నే ఆ రోజు లేదు. లోపలివాళ్ళు లేరు, బయటివాళ్ళు లేరు, అందరూ బయటే. వేలమంది ఓల్డ్ ట్రాఫర్డ్ ముందు చేరారు. కొందరు గేట్లు తోసుకుని మైదానంలోకి దిగారు, ఆట వాయిదా పడింది. పోలీసులకి దెబ్బలు తగిలాయి. అది సరైనదా కాదా అని సాయంత్రానికల్లా కొత్త తగాదా మొదలైంది. ఆ జనంలో అన్నదమ్ములిద్దరూ ఉన్నారు, కలిసే వెళ్ళారు. 2005 తర్వాత వాళ్ళిద్దరూ ఓల్డ్ ట్రాఫర్డ్ దగ్గర పక్కపక్కన నిలబడటం అదే మొదటిసారి.

ఆగస్టులో గేట్లు తెరిచారు. లీడ్స్‌తో ఆట, 72,000కి పైగా జనం. తమ్ముడు లోపలికి వెళ్ళాడు. అన్న మోస్టన్ బస్సెక్కాడు. 2024లో జిమ్ రాట్‌క్లిఫ్ నాలుగో వంతుకి కాస్త ఎక్కువ వాటా కొన్నప్పుడు కూడా మిగతా పెత్తనం గ్లేజర్ల దగ్గరే ఉండిపోయింది, అన్నదమ్ముల సీట్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. రెండు జట్లూ ఒకే వేళకి ఆడే శనివారాల్లో సాయంత్రం ఐదింటికి ఒకరికొకరు ఫోన్ చేసుకుని స్కోర్లు చెప్పుకుంటారట. ముందు ఎవరు చేయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.